పాత పికప్పా, కొత్త పికప్పా? బండి వయసు చూస్తే లెక్క తేలదు

పికప్ ఎన్నేళ్లు వస్తుందని విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ని అడిగినా ముందు ఎదురు ప్రశ్నే వస్తుంది: "ఏం లోడు కొడతారు?" పాలు అంటే ఒక జవాబు, ఇటుకలు అంటే ఇంకో జవాబు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నెలలో షోరూమ్ నుంచి బయటికొచ్చిన రెండు బండ్లను తీసుకోండి. ఒకటి నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగి కూడా ఇంజన్ విప్పకుండా ఉండొచ్చు. రెండోది లక్షన్నరకే ఛాసిస్‌కి అతుకులు వేయించుకుని ఉండొచ్చు. "బొలెరో అయితే పదిహేనేళ్లు గ్యారంటీ, ఏస్ అయితే ఎనిమిదేళ్లే" లాంటి మాటలు టీ కొట్టు దగ్గర బాగానే ఉంటాయి గానీ, వాటిని నమ్ముకుని పది లక్షల నిర్ణయం తీసుకోలేం.

ఇక్కడ పికప్ అంటే మన ఊళ్లలో బతుకుతెరువుకి తిరిగే చిన్న గూడ్స్ బండ్లు: మహీంద్రా బొలెరో పికప్, టాటా ఏస్, ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్, మారుతీ సూపర్ క్యారీ. అమెరికాలో మనవాళ్లు కొనుక్కునే ఫోర్డ్, టొయోటా పికప్పుల సంగతి వేరు. వాటిలో చాలావరకు ఇంటి బండ్లే, ఖాళీగా తిరిగే రోజులే ఎక్కువ. ఆ ఆయుష్షు లెక్కలు తెచ్చి ఇక్కడ పెడితే అతకవు. మన శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్ కూడా ఎక్కువమందికి షోకు బండే, దాన్నీ పక్కన పెడదాం.

బండిని తినేది కిలోమీటర్లు కాదు

2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ఇంజన్ 702 సీసీ, రెండు సిలిండర్లు, సుమారు 16 హార్స్‌పవర్. మోయాల్సిన బరువు 750 కిలోలు. ఇప్పుడు మీ వీధిలోకి వచ్చే వాటర్ క్యాన్ల బండిని గుర్తు తెచ్చుకోండి. ఒక్కో క్యాన్‌లో 20 లీటర్లు, అంటే నీళ్లే 20 కిలోలు. యాభై క్యాన్లు పెడితే క్యాన్ల బరువు కలపకుండానే టన్ను. బండి ఆగిపోదు, లాగుతుంది. లాగుతోంది కాబట్టి ఓనర్‌కి అది తప్పనిపించదు. కొన్నాళ్లకి వెనక కమాన్లు (ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) వంగి బండి కూర్చున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు కమాన్ పని చేసేవాళ్ల దగ్గరికెళ్లి ఇంకో పట్టీ వేయిస్తాడు. బండి మళ్లీ లేచి నిలబడుతుంది.

అసలు నష్టం మొదలయ్యేది అక్కడే. కమాను పని వంగడం. గుంతలో చక్రం పడినప్పుడు ఆ దెబ్బని తాను తీసుకుని పైకి పోనివ్వకుండా చూడటం. అదనపు పట్టీ వేస్తే కమాను బిగుసుకుపోయి, ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కి, వెనక హౌసింగ్‌కి (ఇరుసు, క్రౌన్ పినియన్ గేర్లు ఉండే గూడుకి) పోతుంది. బ్రేకులూ, క్లచ్చూ, క్రౌన్ పినియన్ మాత్రం కంపెనీ 750 కిలోలకి వేసినవే. ఇంజన్ ఎప్పుడూ కింది గేర్లలో గుంజుతూ ఉంటుంది కాబట్టి వేడి ఎక్కువ, ఆయిల్ త్వరగా పల్చబడిపోతుంది. మీటర్ మీద 90 వేలు కనిపిస్తున్నా లోపల రెండు లక్షల అరుగుదల ఉంటుంది. దొరికితే జరిమానా సంగతి సరే: 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ రెండేసి వేలు. కానీ దొరక్కుండా తిరిగిన బండి కూడా ఆ జరిమానా కడుతూనే ఉంటుంది, పానా పట్టుకున్నవాడికి.

కాబట్టి పాత బండి కొనేవాళ్లు ముందు అడగాల్సింది అది ఇన్నాళ్లూ ఏం మోసిందని. పాల బండి మంచిది. రోజూ ఒకే రూట్, ఒకే బరువు, తెల్లవారుజామున ట్రాఫిక్ లేని రోడ్డు. ఆన్‌లైన్ పార్సిళ్లు మోసిన క్లోజ్డ్ బాడీ బండి ఇంకా మంచిది. మీటర్ మీద అంకె చూసి భయపడతాం గానీ, డబ్బాల నిండా గాలే కదా, బరువుండదు. గ్యాస్ సిలిండర్ల బండి వీధికి పదిసార్లు ఆగి కదులుతుంది కాబట్టి క్లచ్, స్టార్టర్ అరిగిపోతాయి. మిగతా బండి తరచూ బాగుంటుంది. ఇటుక, ఇసుక, గ్రానైట్ ముక్కలు మోసిన బండిని, అది చీమకుర్తిదైనా ఖమ్మానిదైనా, ధర ఎంత ఊరించినా నేనైతే ముట్టుకోను.

ఇంకో రకం ఉంది, చూడగానే తెలియదు. భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు వేసిన బండ్లు. ఇంజన్ బాగుంటుంది, కమాన్లు బాగుంటాయి. కానీ ఐసు కరిగిన నీళ్లు, చేపల ఉప్పు కలిసి ఏళ్ల తరబడి బాడీ పలకల సందుల్లోంచి ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. బ్రేక్ పైపులు, డీజిల్ ట్యాంక్ పట్టీలు, క్రాస్ మెంబర్ల (ఛాసిస్ అడ్డ కమ్మీల) లోపలి అంచులు తుప్పు పట్టిపోతాయి. కోళ్ల బండ్లదీ అదే కథ, రెట్ట ఇనుముని తినేస్తుంది. పెయింట్ వేసి మెరిపించిన అలాంటి బండి హైదరాబాద్ యార్డులో నిలబడితే అది ఏ ఊరి నీళ్లు తాగిందో ఎవరూ చెప్పరు. వాసన కొంత చెబుతుంది, వాన పడిన రోజు మరీను.

చట్టం దృష్టిలో ఆయుష్షు

పదిహేనేళ్లు దాటితే బండిని తుక్కు చేయాల్సిందేనని చాలామంది అనుకుంటారు. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు ఓనర్ల గూడ్స్ బండికి అలాంటి గుండుగుత్త నిషేధం లేదు. పదేళ్ల డీజిల్ బండి తిరగకూడదన్న గొడవ ఢిల్లీ పరిసరాలది. మన దగ్గర బండిని నిలబెట్టేదీ పడగొట్టేదీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అందరూ ఎఫ్‌సీ అనేది. 2018 చివర్లో మారిన నిబంధన ప్రకారం కొత్త గూడ్స్ బండికి రెండేళ్లు ఫిట్‌నెస్ ఉంటుంది. ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. పదిహేనేళ్లు దాటాక ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి గట్టిగా పెరిగాయి.

కాగితం మీద చిన్న మార్పే గానీ, పాత బండ్ల మార్కెట్ అంతా ఈ ఎనిమిదో ఏడు చుట్టూనే తిరుగుతుంది. ఏటా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలంటే పెయింట్, లైట్లు, రేడియం, బ్రేకులు, పొగ అన్నీ చూసుకోవాలి. రెండు మూడు రోజులు బండి పని మానాలి. పైగా ఫిట్‌నెస్ పరీక్షలు ఒక్కో ఊళ్లో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకి మారుతున్నాయి. అక్కడ బ్రేక్ ఎంత పట్టిందో రోలర్ల మీద యంత్రం చెబుతుంది, బతిమాలితే వినదు. అందుకే ఏడున్నరేళ్లకి బండి అమ్మకానికి పెట్టేవాళ్లు ఎక్కువ. ఆ వయసు బండి చవగ్గా దొరికితే సంతోషపడే ముందు, ఆ మిగిలిన డబ్బు వచ్చే నాలుగేళ్ల ఎఫ్‌సీలకి సరిపోతుందా అని చూసుకోండి.

ఇన్సూరెన్స్‌లోనూ పాత బండికి పెద్ద తగ్గింపు ఉండదు. బండి విలువ తగ్గే కొద్దీ సొంత డ్యామేజీ ప్రీమియం తగ్గుతుంది, నిజమే. కానీ థర్డ్ పార్టీ ప్రీమియానికి బండి వయసుతో పనిలేదు. 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం 7,500 కిలోల లోపు మొత్తం బరువున్న గూడ్స్ బండికి ఏడాదికి 16,049 రూపాయలు, పన్ను కాకుండా. పది లక్షల బండికీ రెండు లక్షల బండికీ అదే.

ఈఎంఐకి మూఢం తెలియదు

ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి నేను అనుకున్న అంకెలు. మీ ఊరి ధరలు, మీ ఫైనాన్స్ రేటు పెట్టి మీరే మళ్లీ వేసుకోవాలి.

కొత్త పికప్ ఆన్‌రోడ్ 10 లక్షలు అనుకుందాం. చేతి నుంచి లక్షన్నర కట్టి, ఎనిమిదిన్నర లక్షలు 10.5 శాతం వడ్డీకి అయిదేళ్లకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 18,270. అయిదేళ్లలో వడ్డీ రెండున్నర లక్షలకి కాస్త తక్కువ. ఆ తర్వాత అయిదు లక్షలకి అమ్మారనుకుంటే, బండి విలువలో పోయినది, వడ్డీ కలిపి ఏడాదికి లక్షా 49 వేలు.

అదే అయిదేళ్ల పాత బండి 5 లక్షలు. పాత బండికి వడ్డీ ఎక్కువ, 16 శాతం అనుకుందాం. మూడున్నర లక్షల లోను మూడేళ్లకి తీసుకుంటే ఈఎంఐ 12,300, మొత్తం వడ్డీ 93 వేలు. మూడేళ్లు తిప్పి మూడు లక్షలకి అమ్మితే ఏడాదికి 98 వేలు పడింది.

తేడా ఏడాదికి 51 వేలు. ధరలో సగానికి సగం తేడా ఉన్నా, చివరికి చేతిలో మిగిలేది నెలకి 4,300 మాత్రమే. పాత బండి అదనపు రిపేర్లు, అది షెడ్డులో ఉన్న రోజుల కూలి, అన్నీ ఈ 51 వేల లోపే తేలాలి. డీజిల్, డ్రైవర్ బత్తా పోను రోజుకి 1,500 మిగిలే బండి ఏడాదికి పన్నెండు రోజులు ఎక్కువగా ఆగితే 18 వేలు అక్కడే పోయాయి. క్లచ్ సెట్, కమాన్ పని, ఇంజెక్టర్లు లెక్కలోకి వస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఇంజన్ బోరింగ్ దాకా వెళ్తే ఆ ఏడాది లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టే.

ఇంత చెప్పాక కొత్తదే కొనమంటాననుకోకండి. పైన రోజులు లెక్కేసినప్పుడు బండికి ఏడాది పొడుగునా పని ఉంటుందనుకున్నాం. నెలకి పాతిక రోజులు తిరిగే బండికి 18,270 ఈఎంఐ అంటే రోజుకి 730 రూపాయలు. పది రోజులే తిరిగే బండికి అదే 1,827. టెంట్ హౌస్ వాళ్లని చూడండి. ముహూర్తాలున్న నెలలో రాత్రింబవళ్లు తిరుగుతారు, మూఢం వస్తే బండి షెడ్డులోనే. మూఢం వచ్చిందని ఫైనాన్స్ వాడు కిస్తీ ఆపడు. సొంత పంట మార్కెట్‌కి వేసుకునే రైతుదీ ఇదే పరిస్థితి. మదనపల్లె టమాటా అయినా నూజివీడు మామిడి అయినా పని కొన్ని నెలలే. ఇలాంటివాళ్లకి అప్పు లేకుండా, లేదా చిన్న అప్పుతో కొన్న పాత బండే నయం. అది ఆగిపోయినా నిద్ర పడుతుంది.

రోజూ ఖచ్చితంగా ఒక టైముకి చేరాల్సిన బండి సంగతి వేరు. డెయిరీకి, కొరియర్ కంపెనీకి కాంట్రాక్టు పెట్టిన బండి రెండు రోజులు రాకపోతే పోయేది ఆ రెండు రోజుల డబ్బు కాదు, కాంట్రాక్టే. వాళ్లు ధైర్యంగా కొత్తది తీసుకోవచ్చు. మరి నెలకి నాలుగైదు రోజులే అవసరం పడేవాళ్లు? కిరాయికి పిలుచుకోండి. కొనాలన్న సరదా తప్ప అక్కడ లెక్కేమీ లేదు.

ఇంకో మార్పు కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అదే ఏడాది జూన్‌లో టాటా 750 కిలోలు మోసే ఏస్ ప్రో పెట్రోలు బండిని 3.99 లక్షల ప్రారంభ షోరూమ్ ధరతో దింపింది. కొత్త ధర దిగితే పాత ధర కూడా దిగాలి. కానీ అమ్మేవాడి బుర్రలో తాను ఎంత పెట్టి కొన్నాడన్నదే ఉంటుంది. "ఆరేళ్ల కింద తొమ్మిదిన్నర పెట్టానండీ" అంటే దాంతో మీకేం పని? బేరానికి వెళ్లే ముందు షోరూమ్‌కి ఫోన్ చేసి ఇవాళ్టి ధర కనుక్కోండి. మీ వ్యాపారానికి జీఎస్టీ నంబర్ ఉంటే కొత్త గూడ్స్ బండి మీద కట్టిన పన్ను క్రెడిట్‌గా వాడుకోవచ్చు. పక్కూరి ఆసామి దగ్గర పాత బండి కొంటే ఆ వెసులుబాటు ఉండదు.

ఏ కాలం బండి?

బీఎస్ అంటే బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం. దేశమంతా బీఎస్4 అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్6 2020 ఏప్రిల్ 1న. పాత బండి కొనేవాళ్లకి ఈ రెండు తేదీలూ కంపెనీ పేరు కన్నా ముఖ్యం. బీఎస్3 కాలం నాటి పికప్పుల్లో చాలావాటికి మామూలు డీజిల్ పంపు ఉండేది. మండల కేంద్రంలో ఉన్న పంపు మెకానిక్ కూడా విప్పి బిగించేవాడు. వాటికిప్పుడు వయసైపోయింది, ఏటా ఎఫ్‌సీ. బీఎస్6 డీజిల్ బండి సైలెన్సర్ లైనులో మసి పట్టే ఫిల్టర్, చుట్టూ సెన్సార్లు వచ్చాయి. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ కాసేపు ఆగకుండా వేడిగా తిరగాలి. హైవే మీద తిరిగే బండికి ఇబ్బంది లేదు. గల్లీల్లో రెండేసి కిలోమీటర్లు వెళ్లి ఆగే బండికి మసి నిండిపోతుంది, మీటర్ మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది, బండి లాగే ఊపు పడిపోతుంది. విసిగిపోయిన ఓనర్ అమ్మేస్తాడు. అలాంటి బండి మీ దగ్గరికి వస్తే ముందు స్కానర్ పెట్టించండి. "ఆ ఫిల్టర్ పీకేయించాం, ఇప్పుడు ఏ సమస్యా లేదు" అంటే సమస్య మీ పేరు మీదకి వస్తోందని అర్థం.

నన్ను అడిగితే 2019లోనో 2020 మొదట్లోనో రిజిస్టర్ అయిన, ఒకే ఓనర్ నడిపిన బీఎస్4 బండి వెతకమంటాను. మసి ఫిల్టర్ గొడవ లేనివే వాటిలో ఎక్కువ, ఎనిమిదో ఏడు ఇంకా పూర్తిగా మీద పడలేదు. ఆ సంగతి బ్రోకర్లకీ తెలుసు కాబట్టి చవగ్గా దొరకవు.

కింద పడుకుని చూడాల్సినవి

ఉదయాన్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందు ఒకసారి స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజన్ ఎన్ని సెల్ఫ్‌లకి అందుకుంటుందో, మొదటి పొగ ఏ రంగులో వస్తుందో చూడటమే అసలు పరీక్ష. నీలి పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత వదులు చేస్తే పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే పిస్టన్ రింగులు అయిపోయినట్టు.

తర్వాత టార్చ్, డీజిల్‌లో తడిపిన గుడ్డ, ఒక పానా పట్టుకుని బండి కిందికి దూరండి. కేబిన్ వెనక, బాడీ మొదలయ్యే చోట ఛాసిస్ పొడుగు కమ్మీలు, వెనక కమాను ముందు కొస బిగించిన బ్రాకెట్, ఈ రెండు చోట్లే పగుళ్లు ఎక్కువగా వస్తాయి. ఛాసిస్ అంతా దుమ్ము పట్టి ఉండి అక్కడ మాత్రం నల్ల పెయింట్ నిగనిగలాడుతుంటే గుడ్డతో రుద్దండి. వెల్డింగ్ చేసిన చోట లోహం పూసల్లా ఉబ్బి ఉంటుంది, వేలికి తెలుస్తుంది. పానాతో కొడుతూ వెళ్తే బాగున్న ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా డబ్బుమంటుంది. కమాన్ పట్టీలు రెండు వైపులా లెక్కపెట్టండి. ఒక పట్టీ మిగతావాటికన్నా కొత్తగా ఉందా? ఓవర్‌లోడ్ కథ అంతా అందులోనే ఉంది.

మీటర్‌ని పెద్దగా నమ్మొద్దు. కిరాయికి తిరిగే బండి రోజుకి వంద కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 30 వేలు తేలిగ్గా తిరుగుతుంది. ఆరేళ్ల బండికి 70 వేలే చూపిస్తే, అది టెంట్ హౌస్ బండైనా అయ్యుండాలి, మీటర్ తిప్పైనా ఉండాలి. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద అరుగుదల, డ్రైవర్ సీటు స్పాంజి చూస్తే ఏదో తెలిసిపోతుంది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసి యార్డులో పెట్టి వేలం వేసే బండ్లు ధరకి ఊరిస్తాయి. ఒక్క విషయం ఆలోచించండి. కిస్తీకే డబ్బుల్లేనివాడు చివరి ఆరు నెలలు ఇంజన్ ఆయిల్ మార్చి ఉంటాడా? వాటి మీద మెకానిక్‌గా పనిచేసేవాడు చెయ్యి వేయొచ్చు, మనం దూరంగా ఉండటం మేలు.

కాగితాల్లో ఎక్కువమంది దెబ్బతినేది ఒక్క చోటే. "లోను ఇంకా పద్నాలుగు నెలలుందండీ, లక్షన్నర నా చేతిలో పెట్టండి, మిగతా కిస్తీలు మీరు కట్టుకోండి, నోటరీ రాసుకుందాం." ఆర్‌సీ అతని పేరునే ఉంటుంది, ఫైనాన్స్ కంపెనీకి మీరెవరో తెలియదు. అతనికి అదే కంపెనీలో ఇంకో అప్పు ఉండి అది ఆగినా చిక్కు మీ బండికే రావొచ్చు. కిస్తీలన్నీ మీరే కట్టినా ఎన్ఓసీ (అప్పు తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే కాగితం) వచ్చేది అతని చేతికి. యాక్సిడెంట్ జరిగితే ఎవరు బాధ్యులన్న దగ్గర ఇద్దరూ కోర్టు చుట్టూ తిరుగుతారు. హెచ్‌పీ (ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు) ఉన్న బండి అయితే అమ్మేవాడితో కలిసి ఫైనాన్స్ ఆఫీసుకే వెళ్లి, మీ డబ్బు నేరుగా లోను ఖాతాలో కట్టి, ఎన్ఓసీ, ఆ హెచ్‌పీ తీసేయడానికి ఫారం 35 తీసుకోండి. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలయ్యాక మిగతా సొమ్ము ఇవ్వండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్ఓసీ లేకుండా అడ్వాన్సు కూడా వద్దు. పెండింగ్ చలాన్లు, ట్యాక్స్, ఫిట్‌నెస్ గడువు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. బండి కొన్న ముప్ఫై రోజుల్లోపు పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకి మార్పించుకోవాలి, చాలామంది మరిచిపోయేది దీన్నే.

బేరం కుదిరాక ఉన్న డబ్బంతా బండికే పెట్టేయొద్దు. అయిదు లక్షల బండికి కనీసం నలభై యాభై వేలు పక్కన ఉంచుకోండి. ఓనర్ ఏం చెప్పినా మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్, ఫిల్టర్లన్నీ, కూలెంట్, బెల్టులు మార్పించి, నాలుగు చక్రాలూ విప్పించి బ్రేకులు చూపించాలి. అదనపు కమాన్ పట్టీ కనిపిస్తే అదే రోజు తీయించేయండి, అంత లోడు ఎక్కించాలన్న ఆశ కూడా దాంతోపాటే పోతుంది.